పుక్కిటి పురాణమా, పూర్వీకుల చరిత్రా?

కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకొనే కథలను ఒకచోట పోగేసి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. దేశాలు వేరు, భాషలు వేరు, కాలాలు వేరు. కథలు మాత్రం ఓ అరడజనుకు మించవు. ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఓడెక్కి వచ్చారు. ఒకడు ఉత్తరానికి, ఒకడు దక్షిణానికి వెళ్లారు, మూడోవాడు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. ముత్తాత ఎవరినో చంపి రాత్రికి రాత్రి పారిపోయి పేరు మార్చుకున్నాడు. ముత్తవ్వ రాజవంశపు ఆడపడుచు. మనసిచ్చినవాడి కోసం కోట విడిచి వచ్చేసింది. మనకు రావలసిన ఆస్తి ఎక్కడో మూలుగుతోంది; కాగితాలు పోయాయి గానీ, లేకపోతే మన బతుకులు ఇలా ఉండేవి కావు. అసలు మన ఇంటిపేరు ఇది కాదు; ఎవరో గుమాస్తా సరిగా వినక ఇలా రాసేశాడు.

లక్షలాది కుటుంబాల జీవితాలన్నీ ఈ కాసిని మూసల్లో ఒదిగిపోవడం సాధ్యం కాదు. అందుకే మన ఇంటి కథ ఏదో ఒక మూసకు అతికినట్టు సరిపోతే ముందు అనుమానించాలి. అనుమానించడమంటే కొట్టిపారేయడం కాదు. నిప్పు లేనిదే పొగ రాదన్న మాట కుటుంబ చరిత్రలోనూ చెల్లుతుంది. అయితే పొగ మన ఇంట్లో కనిపించినంత మాత్రాన నిప్పు మన ఇంటిదే కానక్కరలేదు. వంశ పరిశోధనలో సగం శ్రమ ఆ నిప్పు ఎవరి ఇంట్లో, ఎప్పుడు రాజుకుందో కనిపెట్టడమే.

రావలసిన ఆస్తి కథనే తీసుకోండి. ఇంగ్లండ్ నావికుడు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ 1596లో చనిపోయాడు. పిల్లలు లేరు, ఆస్తి తమ్ముడు థామస్‌కు చేరింది. వ్యవహారం అక్కడితో ముగిసింది. మూడు శతాబ్దాలు గడిచాక అమెరికాలో అది మళ్లీ లేచింది. 1920లలో అయోవాకు చెందిన ఆస్కార్ హార్ట్‌జెల్, డ్రేక్ ఆస్తి ఇంకా పంపకం కాకుండా పడి ఉందనీ, దావా ఖర్చులకు తలా కొంత ఇస్తే దానికి ఎన్నో రెట్లు చేతికి వస్తుందనీ నమ్మబలికి వేలాది మంది దగ్గర డబ్బు గుంజాడు. 1933లో ఇంగ్లండ్ అతణ్ని వెనక్కి పంపించింది. అమెరికా కోర్టు మోసం నేరం కింద శిక్ష వేసింది. అయినా అతణ్ని నమ్మడం మానని వాళ్లు ఉన్నారు. అక్కడి ఏ కుటుంబంలోనైనా "మనం డ్రేక్ వారసులమట, తాతగారు చెప్పేవారు" అన్న మాట ఇప్పుడు వినిపిస్తే, అది 16వ శతాబ్దపు జ్ఞాపకమని అనుకోనక్కరలేదు. 1920ల నాటి ఒక మోసగాడి మాట తాతగారి నోట మిగిలిపోయి ఉండవచ్చు. కథలో జరిగిన సంఘటన వయసు వేరు, కథ వయసు వేరు.

ఇంటిపేరు కథ ఇంకా ప్రసిద్ధం. న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్ వలస కేంద్రం 1892 జనవరి 1న తెరుచుకుని 1954లో మూతపడింది. 1.2 కోట్ల మందికి పైగా దాని గుండా అమెరికాలో అడుగుపెట్టారు. అక్కడి అధికారికి నోరు తిరగక తమ పేరును కుదించేశాడని వాళ్ల వారసుల్లో ఎంతోమంది చెబుతారు. అయితే ఆ అధికారుల పని పేర్లు రాయడం కాదు. ప్రయాణికుల జాబితాను ఓడ బయలుదేరిన రేవులోనే ఓడ కంపెనీవాళ్లు తయారుచేసేవారు. ఎల్లిస్ ఐలండ్‌లో ఇన్‌స్పెక్టర్ ఆ జాబితాను ఎదురుగా పెట్టుకుని, దుభాషి సాయంతో ప్రశ్నలడిగి సరిచూసేవాడు. పేర్లు మారిన మాట మాత్రం నిజం. వాటిని మార్చుకున్నది చాలావరకు వచ్చినవాళ్లే. ఆ తరువాతి ఏళ్లలో, ఉద్యోగం దొరకాలనో, పిల్లలను బడిలో ఎవరూ ఎగతాళి చేయకూడదనో, తాము ఎక్కడివాళ్లమో పదిమందికీ తెలియకూడదనో మార్చుకున్నారు. "మేమే వదిలేసుకున్నాం" అని మనవలకు చెప్పడం కష్టం. "గుమాస్తా రాసేశాడు" అని చెప్పడం తేలిక.

చూడండి, కథ తప్పని తేలగానే పని అయిపోలేదు. తప్పు ఏ వైపుకు ఒరిగిందో చూస్తే ఆ కుటుంబం దేనికి భయపడిందో, దేనికి సిగ్గుపడిందో తెలుస్తుంది. నా దృష్టిలో ఈ పరిశోధన మొత్తానికి ఆయువుపట్టు ఇదే. "మా ఇంటి కథ నిజమా, అబద్ధమా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవాళ్లు త్వరగా విసిగిపోతారు. దీన్ని మొదట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు, చెప్పడం వల్ల ఏది బయటపడకుండా పోయింది అని అడిగినవాళ్లకు అబద్ధం కూడా ఆధారమే అవుతుంది.

కథను విడదీయడం

పైన చెప్పిన వాటిలో పారిపోయిన ముత్తాత కథను ఉదాహరణగా పెట్టుకుందాం. "పదహారేళ్ల వయసులో ఒకణ్ని చంపి, దొంగతనంగా ఓడెక్కి, కొత్త దేశంలో పేరు మార్చుకుని స్థిరపడ్డాడు." వినడానికి ఒక్క వాక్యం. విడదీస్తే అయిదు వేర్వేరు సంగతులు: వయసు, హత్య, ఓడ, దొంగతనంగా ఎక్కడం, పేరు మార్పు. ఒకటి నిజమైనంత మాత్రాన మిగతావి నిజం కావు. ఒకటి తప్పయినా మిగతావి తప్పు కానక్కరలేదు. ఒక్కొక్కదానికి దొరికే కాగితమూ వేరే. హత్యకు కోర్టు రిజిస్టర్లు, ఆనాటి పత్రికలు. ప్రయాణానికి ఓడల జాబితాలు. వయసుకు జనన నమోదో, చర్చి రిజిస్టరో.

కొత్తవాళ్లు నేరుగా హత్య మీద పడతారు, ఎందుకంటే కథలో రుచి అక్కడే ఉంది. అది పనికిరాని దారి. పాత దేశంలో అతని పేరేమిటో తెలియనప్పుడు ఏ ఊరి కోర్టు రిజిస్టర్ తిరగేస్తారు? వెతుకులాట చివరి నుంచి మొదటికి నడవాలి. అతని మరణం, పిల్లల పెళ్లిళ్లు, పిల్లల జననాలు, అతని పెళ్లి, పౌరసత్వ పత్రం, ఆ తరువాతే ఓడ. ప్రతి మెట్టు దగ్గరా కొత్త పేరో, ఊరో, సాక్షి సంతకమో దొరుకుతుంది. మధ్యలో ఒక్క తరాన్ని ఊహతో దాటినా వంశవృక్షం వేరొకరి ఇంట్లోకి వెళ్లిపోతుంది. ఆ తరువాత చేసే పరిశోధన ఎంత నిఖార్సుగా ఉన్నా అది వేరొకరి పూర్వీకుల గురించే.

కాగితాల కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది: కథను చెప్పినవాళ్ల మాటల్లోనే రాసుకోవడం, లేదా ఫోనులో రికార్డు చేయడం. చక్కదిద్దకూడదు. "అప్పట్లో ఏదో గొడవైందట" అని పెద్దావిడ చెబితే "హత్య జరిగింది" అని రాసుకోకూడదు. ఆ "ఏదో గొడవ"కూ హత్యకూ మధ్య ఎంత దూరం ఉందో తరువాత తేలుతుంది. కథ విడిపోయిన శాఖల్లో ఎలా ఉందో కూడా పోల్చాలి. ముత్తాత ఇద్దరు కూతుళ్ల సంతానం వేర్వేరు చోట్ల స్థిరపడి చాలాకాలంగా రాకపోకలు లేకుండా ఉన్నారనుకుందాం. రెండు శాఖల్లోనూ ఒకేలా వినిపించే భాగం ఆ కూతుళ్ల నాటికే ఉండి ఉండాలి. ఒక శాఖలోనే వినిపించేది తరువాత అల్లుకున్న చిలవలు పలవలు కావచ్చు. లేదా రెండో శాఖవాళ్లు కావాలని మింగేసిన నిజం కావచ్చు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్న ఇళ్లు తక్కువేం కాదు.

తరచుగా కనిపించే మరో మార్పు, తరం జారిపోవడం. ముత్తాతకు జరిగింది తాతకు జరిగినట్టుగా, పెద్దన్నకు జరిగింది చిన్నవాడికి జరిగినట్టుగా స్థిరపడిపోతుంది. తాత పేరే మనవడికి పెట్టే కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే చెప్పిన వ్యక్తి దగ్గర ఆధారం దొరకనప్పుడు కథను పారేయకుండా ఒక తరం పైకి, ఒక తరం కిందికి జరిపి చూడాలి. చనిపోయాడని చెప్పిన భర్త వేరే ఊళ్లో జనాభా లెక్కల్లో సజీవంగా కనబడటం, భార్య మాత్రం వితంతువునని రాయించుకోవడం పరిశోధకులకు తెలియని సంగతి కాదు. వదిలేసి వెళ్లాడని చెప్పడం కంటే సముద్రంలో పోయాడని చెప్పడం ఆమెకు గౌరవం.

ఇద్దరు అన్నీ మూర్‌లు

ఒకరి నిప్పు వేరొకరి ఇంట్లో పొగగా ఎలా మారుతుందో చూపడానికి అన్నీ మూర్ ఉదంతాన్ని మించినది లేదు. ఎల్లిస్ ఐలండ్ తెరిచిన రోజున మొట్టమొదట నమోదైన వలసదారు ఐర్లండ్‌లోని కోర్క్ ప్రాంతపు అమ్మాయి. ఇద్దరు తమ్ముళ్లతో కలిసి 'నెవాడా' ఓడలో వచ్చింది. అధికారులు ఆమె చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టారు. ఆ రోజే ఆమె పదిహేనో పుట్టినరోజని పత్రికలు రాశాయి. ఆ తరువాత ఆమె ఏమైందన్న దానికి చాలాకాలం ఒక జవాబు చెలామణీ అయింది: పడమటికి వెళ్లి టెక్సస్‌లో స్థిరపడిందనీ, 1923లో ట్రామ్ కింద పడి చనిపోయిందనీ. టెక్సస్‌లో నిజంగానే ఒక అన్నీ మూర్ ఉంది. ఆమె వారసులు తమ పూర్వీకురాలే ఆ తొలి వలసదారు అని మనస్ఫూర్తిగా నమ్మారు. అధికారిక వేడుకలకు వాళ్లను పిలిచారు కూడా. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు.

మెగన్ స్మోలెన్యాక్ అనే వంశ పరిశోధకురాలు టెక్సస్ అన్నీ మూర్ పత్రాలు తిరగేస్తే, జనాభా లెక్కల్లో ఆమె జన్మస్థలం ఐర్లండ్ కాదు, అమెరికాలోని ఇల్లినాయ్ అని ఉంది. ఒక్క గడిలో ఉన్న ఒక్క పదం మొత్తం కథను కూల్చింది. మరి అసలు అన్నీ మూర్ ఎక్కడ? 2006లో స్మోలెన్యాక్ ఇంటర్నెట్‌లో వెయ్యి డాలర్ల బహుమతి ప్రకటిస్తే వారాల్లోనే జవాబు దొరికింది. అది దొరికిన దారి గమనించదగ్గది. అన్నీ మూర్ పేరుతో వెతికితే దొరకలేదు. న్యూయార్క్ నగర రికార్డుల అధికారి ఆమె తమ్ముడు ఫిలిప్ పౌరసత్వ పత్రాన్ని పట్టుకున్నారు. ఫిలిప్ నుంచి 1930 జనాభా లెక్కల్లో అతని కూతురు, ఆ కూతురి నుంచి బతికున్న వారసులు, వాళ్ల నుంచి అన్నీ మూర్. ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లోనే పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, వాళ్లలో చాలామందిని చిన్నతనంలోనే పోగొట్టుకుని, 1924లో చనిపోయింది. క్వీన్స్‌లోని శ్మశానంలో ఆమె సమాధికి 2008 దాకా రాయి కూడా లేదు. ఆ పుట్టినరోజు సంగతి కూడా పత్రికల అల్లికే. ఆమె 1874లో పుట్టింది కాబట్టి అప్పటికి పదిహేడేళ్లు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. పేరు ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకరే కాదన్నది మొదటిది. అందరికీ తెలిసినదే అయినా అందరూ పడే గొయ్యి కూడా ఇదే. రెండోది, వెతుకుతున్న మనిషి గోడలా అడ్డు నిలిస్తే పక్కవాళ్ల నుంచి రావాలి. అమెరికన్ వంశ పరిశోధనలో పెద్ద పేరున్న ఎలిజబెత్ షోన్ మిల్స్ దీన్ని ఒక సూత్రంగానే బోధించారు: స్నేహితులు, సహచరులు, ఇరుగుపొరుగు. పెళ్లికి సాక్షి ఎవరు, దస్తావేజు మీద రెండో సంతకం ఎవరిది, జనాభా లెక్కల్లో పై ఇల్లు, కింది ఇల్లు ఎవరివి అని చూస్తూ పోతే, పాత ఊరి నుంచి కలిసి వచ్చిన గుంపు బయటపడుతుంది. మన మనిషి తన పాత పేరు దాచుకున్నా, ఆ గుంపులో అందరూ దాచుకోరు.

కాగితం కూడా ఒకరు చెప్పిందే

నోటిమాట నమ్మకూడదు, కాగితం ఉంటే చాలు అనుకోవడం ఇంకో మూఢనమ్మకం. మరణ ధ్రువపత్రాన్ని దగ్గరగా చూడండి. చనిపోయిన తేదీ, కారణం వైద్యుడు రాసినవి. అవి సాధారణంగా గట్టివి. అదే పత్రంలో ఆయన పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు కూడా ఉంటాయి. అవి చెప్పింది ఎవరు? దుఃఖంలో ఉన్న కోడలో, అల్లుడో. ఆయన పుట్టినప్పుడు వాళ్లు ఈ లోకంలోనే లేరు. అంటే ఒకే కాగితంలో ఒక గడి ప్రత్యక్ష సాక్ష్యం, పక్క గడి ఇంట్లో విన్న కథే. స్టాంపు మాత్రం రెండింటికీ ఒకటే. వివరాలు ఇచ్చినవారి పేరు రాసే గడి అన్నిటికంటే ముందు చదవాలనేది అందుకే.

కాగితం రాసినవారి నియమాలు కూడా తెలియాలి. ఇంగ్లండ్‌లో 1841 జనాభా లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవారి వయసును కిందనున్న అయిదు గుణిజానికి తగ్గించి రాయాలని ఆదేశం. 44 ఏళ్ల మనిషి 40గా కనబడతాడు. పదేళ్ల తరువాతి లెక్కల్లో అతనికి 54 ఉంటే, "మధ్యలో పద్నాలుగేళ్లు ఎలా పెరిగాడు, ఇతను వేరే మనిషేమో" అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కరలేదు.

కేలండరు సంగతి మరీ వినోదం. ఇంగ్లండ్‌లో 1752 దాకా చట్టరీత్యా సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే 1700 జనవరి, 1700 ఏప్రిల్ తరువాత వచ్చేది. చర్చి రిజిస్టరులో ఒక జంట పెళ్లి 1700 ఏప్రిల్‌లోనూ, బిడ్డ బాప్టిజం 1700 జనవరిలోనూ ఉంటే ఇప్పటి లెక్కతో చూసినవాళ్లకు పెళ్లికి మూడు నెలల ముందే బిడ్డ పుట్టినట్టు కనిపిస్తుంది. నిజానికి పెళ్లయిన తొమ్మిది నెలలకు పుట్టిన బిడ్డ. తేదీ చదవడం రాక మూడు వందల ఏళ్ల కిందటి ఆడమనిషి మీద నింద వేసిన వంశవృక్షాలు ఇంటర్నెట్‌లో ఉంటే ఆశ్చర్యపోను.

ఇక "రికార్డులన్నీ కాలిపోయాయి" అన్న మాట. కొన్నిసార్లు అది పచ్చి నిజం. 1922 జూన్‌లో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డు కార్యాలయం యుద్ధంలో ధ్వంసమైంది. 1821 నుంచి 1851 వరకు జరిగిన ఐరిష్ జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. 1973 జులైలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల దాకా సైనికుల ఫైళ్లు పోయాయి. కానీ ఐర్లండ్‌లో 1901, 1911 లెక్కలు భద్రంగా ఉన్నాయి. జనన మరణాల నమోదు వేరే చోట ఉండటం వల్ల బతికింది. అంతా కాలిపోయిందన్న మాట తరచుగా వెతకడం మానేయడానికి దొరికిన సాకు. తాత సైన్యంలో పెద్ద హోదాలో ఉండేవాడని చెప్పుకొనే కుటుంబానికైతే, ఫైలు కాలిపోవడం వరం కూడా.

అచ్చులో ఉందని నమ్మడం కూడా ప్రమాదమే. 1863 నుంచి 1942 వరకు జీవించిన గుస్టావ్ అన్జూ అనే పెద్దమనిషి అమెరికన్ సంపన్నులకు వాళ్లు కోరుకున్న గొప్ప పూర్వీకులను డబ్బు తీసుకుని తయారుచేసి ఇచ్చేవాడు. అతను అల్లిన వంశావళులు గ్రంథాలయాలకెక్కాయి, అక్కడి నుంచి ఇతర పుస్తకాల్లోకి పాకాయి. ఇప్పుడు ఇంటర్నెట్ వంశవృక్షాల్లో ఒక తప్పును వందమంది ఎత్తిరాసుకుంటే అది వంద ఆధారాలుగా కనిపిస్తుంది. అది ఒక్కటే ఆధారం, అది కూడా తప్పు ఆధారం.

అందరికీ కాగితాలు సమానంగా లేవన్నది మాత్రం సీరియస్‌గా ఆలోచించవలసిన విషయం. అమెరికాలో 1850, 1860 లెక్కల్లో బానిసల జాబితాలు వేరుగా రాశారు. వాటిలో యజమాని పేరుంటుంది. బానిసల వయసు, లింగం, రంగు ఉంటాయి. పేరు దాదాపు ఎప్పుడూ ఉండదు. వాళ్లలో అత్యధికులు పేర్లతో జనాభా లెక్కల్లోకి రావడం 1870లోనే. అలాంటి కుటుంబాల్లో నోటిమాటే దస్తావేజు. కాగితం లేదు కాబట్టి కథ అబద్ధమని తేల్చడం, కాగితం ఎవరి చేతిలో ఉండేదో మరచిపోవడమే.

నెత్తురు చెప్పేది, చెప్పనిది

ఆ సంగతి 1998 నవంబరులో తేటతెల్లమైంది. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు ఆయన బానిస శాలీ హెమింగ్స్ ద్వారా పిల్లలు కలిగారన్న మాట 1802లోనే పత్రికకెక్కింది. ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ 1873లో తన తండ్రి జెఫర్సనేనని ఒక పత్రికకు చెప్పాడు. జెఫర్సన్ కుటుంబీకులు అది కాదని, ఆయన మేనల్లుళ్లయిన కార్ సోదరుల్లో ఒకరు తండ్రి అని చెబుతూ వచ్చారు. మరోవైపు థామస్ వుడ్సన్ అనే వ్యక్తి వారసులు తాము కూడా జెఫర్సన్, శాలీల సంతతేనని తరతరాలుగా చెప్పుకొనేవారు. మూడు కుటుంబాలు, మూడు కథలు.

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వస్తుంది. జెఫర్సన్‌కు పెరిగి పెద్దయిన సక్రమ కొడుకులు లేరు కాబట్టి ఆయన పెదతండ్రి పురుష వారసుల నమూనాలు తీసుకుని పోల్చారు. శాలీ చిన్న కొడుకు ఎస్టన్ వారసుడితో అది కలిసింది. కార్ సోదరుల వరుసతో ఎస్టన్ వరుస కలవలేదు. వుడ్సన్ వారసులతో జెఫర్సన్ వరుస కలవలేదు. బానిస స్త్రీ బిడ్డలు చెప్పుకున్న కథ నిలబడింది, పెద్దింటివాళ్ల కథ కూలింది, మరో నల్లజాతి కుటుంబం అంతే నమ్మకంగా చెప్పుకున్న కథకూ ఆధారం దొరకలేదు. ఎవరి కథ నిలుస్తుందో చెప్పినవారి హోదానో, మన సానుభూతో నిర్ణయించలేదు.

అయితే ఈ పరీక్ష చెప్పింది ఎస్టన్ తండ్రి జెఫర్సన్ వంశపు మగవాడని మాత్రమే, థామసేనని కాదు. ఆ ఖాళీని పూడ్చింది మళ్లీ కాగితమే. రాజకీయాల వల్ల చాలాకాలం ఇంటికి దూరంగా ఉండే జెఫర్సన్, శాలీ పిల్లలు ఒక్కొక్కరూ పుట్టడానికి తొమ్మిది నెలల ముందు తన ఇల్లయిన మాంటిచెల్లోలోనే ఉన్నాడని ఆయన సొంత పద్దులే చూపాయి. 2000లో ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్ కూడా ఆయనే తండ్రి అయ్యే అవకాశం చాలా ఎక్కువని ఒప్పుకుంది.

ఇప్పుడు ఇళ్లకు వచ్చే డీఎన్ఏ పరీక్షల్లో ఎక్కువ భాగం ఇది కాదు. అవి తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వచ్చిన డీఎన్ఏను చూసి, ఎవరితో ఎంత కలిసిందో సెంటీమోర్గాన్లనే కొలతలో చెబుతాయి. తల్లితోనో తండ్రితోనో సగం కలుస్తుంది. పావు వంతు కలిసిన మనిషి ఎవరు? తాత కావచ్చు, మేనమామ కావచ్చు, తండ్రి ఒక్కడే అయి తల్లి వేరైన అన్న కావచ్చు. అంకె ఒకటే, కథలు మూడు. వయసులు, ఊళ్లు, తేదీలు చూసి తేల్చుకోవాలి. దూరం పోయేకొద్దీ అదృష్టం మీద ఆధారపడవలసి వస్తుంది. ముత్తాతల తల్లిదండ్రులు ఒకరే అయిన ఇద్దరిలో పదింట ఒక జంటకు పరీక్షకు అందేంత డీఎన్ఏ ఉమ్మడిగా ఉండదు. ఇంకొక తరం వెనక్కి వెళ్తే సుమారు సగం జంటలకు ఉండదు. అంటే దూరపు బంధుత్వంలో, కలిస్తే అది ఆధారమే. కలవకపోతే కాదనడానికి వీల్లేదు. దగ్గర సంబంధాల్లోనే మళ్లీ మళ్లీ పెళ్లిళ్లు జరిగిన సమాజాల్లో ఇందుకు విరుద్ధమైన చిక్కు: అందరూ అందరితోనూ కాస్త ఎక్కువే కలిసి, దూరపువాళ్లు దగ్గరవాళ్లలా కనిపిస్తారు. ఇక "మీలో ఫలానా జాతి ఇన్ని శాతం" అనే రంగుల పటం ఉంది చూశారూ, ఎనిమిది తరాల కిందటి ముత్తవ్వను రుజువు చేయడానికి గానీ కొట్టివేయడానికి గానీ దాన్ని వాడకండి. ఎనిమిది తరాల వెనక మనకు 256 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. సగటున ఒక్కొక్కరి వాటా అర శాతం కంటే తక్కువ, కొందరిది ఏమీ మిగలకపోవచ్చు.

రాజవంశపు కథలకూ ఈ లెక్కే సమాధానం. ముప్పయి తరాల వెనక్కి వెళ్తే పూర్వీకుల స్థానాలు 107 కోట్లు దాటతాయి. అప్పటి ప్రపంచ జనాభా కంటే ఎక్కువ. అదే మనుషులు ఆ స్థానాల్లో మళ్లీ మళ్లీ వస్తారన్నమాట. అంతకాలం కిందటి రాజుకు సంతతి నిలిచి ఉంటే, ఆ ప్రాంతపు జనంలో ఎంతోమంది అతని వారసులే. రాజు మన పూర్వీకుడు కావడం వింత కాదు, ఏ దారిలో అయ్యాడో ఒక్కొక్క తరంగా చూపగలగడమే వింత.

ప్రయోగశాల కూడా పొరబడుతుంది. టైటానిక్ మునిగాక దొరికిన ఒక పసివాడి దేహాన్ని కెనడాలోని హాలిఫాక్స్‌లో 'గుర్తు తెలియని శిశువు'గా పాతిపెట్టారు. సమాధిలో మిగిలిన పళ్లు, ఎముక తునక నుంచి తీసిన మైటోకాండ్రియల్ డీఎన్ఏను, అంటే తల్లి వరుసలో వచ్చేదాన్ని, చనిపోయిన పిల్లల తల్లుల వైపు బంధువులను వెతికి పట్టుకుని పోల్చారు. 2002లో అతను 13 నెలల ఐనో పనులా అని ప్రకటించారు. అదే ఏడాది ఒక జత తోలు బూట్లు హాలిఫాక్స్ మ్యూజియానికి చేరాయి. 1912లో మృతుల బట్టలు కాల్చేయమన్నప్పుడు ఒక పోలీసు సార్జెంటు మనసొప్పక సొరుగులో దాచి ఉంచిన బూట్లు అవి. పదమూడు నెలల బిడ్డకు అవి పెద్దవి. ఆ అనుమానంతో డీఎన్ఏలో మరో భాగాన్ని పరీక్షిస్తే మొదటి జవాబు తప్పని తేలింది. 2007లో అతను 19 నెలల సిడ్నీ గుడ్విన్ అని నిర్ధారించారు. ఇంట్లో పెట్టె అడుగున పడి ఉన్న వస్తువుకు ఎంత విలువ ఉండవచ్చో ఇంతకంటే చెప్పేదేముంది.

గుట్టు ఎవరిది?

ఏరుల పుట్టుక, శూరుల పుట్టుక అడగకూడదని పెద్దల మాట. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్‌లో కార్ల పార్కింగ్ కింద దొరికినప్పుడు ఆ మాటే గుర్తుకు రావాలి. తల్లి వరుస డీఎన్ఏ ఇప్పటి ఇద్దరు బంధువులతో కలిసింది. ఆయనే అని తేలింది. కానీ కాగితాల ప్రకారం అదే పురుష వంశంలో పుట్టిన అయిదుగురితో వై క్రోమోజోమ్ కలవలేదు. ఆ అయిదుగురిలో ఒకరు మిగతా నలుగురితో కూడా కలవలేదు. మధ్యనున్న శతాబ్దాల్లో ఎక్కడో ఒకచోట, ఈ మధ్య తరాల్లో ఇంకోచోట, రాసి ఉన్న తండ్రి అసలు తండ్రి కాదన్నమాట. రాజుల ఇంట అది శాస్త్ర పత్రికలో వ్యాసమైంది. మామూలు ఇళ్లలో అదే ఫలితం ఒక సాయంత్రం ఫోనులో వచ్చి పడుతుంది, ఆ తల్లి ఇంకా బతికే ఉంటుంది.

పరీక్ష చేయించుకున్నది ఒక్కరే అయినా బయటపడేది అందరి సంగతీ. అందుకని పరీక్షకు ముందే ఇంటివాళ్లకు చెప్పడం కనీస మర్యాద. ఫలితం తేడాగా ఉంటే ఎవరికి ముందు చెప్పాలో ఆలోచించి చెప్పడం ఆ తరువాతి మర్యాద. తన పుట్టుక తెలుసుకునే హక్కు బిడ్డకు ఉందనే నేను నమ్ముతాను. దాన్ని అందరూ చూసే వంశవృక్షంలో పెట్టే విషయం వేరు. జనాభా లెక్కల మూల పత్రాలను అమెరికా 72 ఏళ్ల పాటు, ఇంగ్లండ్ వందేళ్ల పాటు మూసి ఉంచుతాయి. అందుకే 1950 నాటి అమెరికన్ పత్రాలు 2022లో గానీ బయటికి రాలేదు. ఇంటి చరిత్ర రాసేవాళ్లు కూడా అలాంటి గడువు ఒకటి పెట్టుకోవచ్చు: దొరికిన ఆధారాన్ని, అది ఎక్కడ దొరికిందో, ఎంతవరకు రుజువైందో పూర్తిగా రాసి విడిగా ఉంచడం, ఎప్పుడు తెరవవచ్చో దాని మీదే తేదీ వేయడం, ఆ తేదీ వచ్చేదాకా బతికున్నవాళ్ల పేర్లు బయట పెట్టకపోవడం.